అమ్మ కాలి సైజు

ఆదివారం కొండ ఎక్కి తీరాలని ఇంట్లో అందరి తరఫునా తీర్మానించినవాడు ఒక చెప్పుల షాపు సేల్స్‌మన్. షాపులో అతణ్ణి కొలబద్ద అంటారు. మనిషి గుమ్మంలో అడుగు పెడుతుండగానే పాదం చూసి నంబరు చెప్పేస్తాడు, అది తప్పిందీ లేదు. ఆ గర్వం అతనికి కాస్త ఎక్కువే. ఇంట్లో కూడా అన్నీ తనకే తెలిసినట్టు మాట్లాడతాడు.

కొండంటే మరీ కొండేం కాదు. ఊరి చివర ఉంటుంది. సగం దాకా మెట్లు, ఆ పైన మట్టి దారి, చిట్టచివర రెయిలింగు కట్టిన చిన్న చప్టా. పిల్లాపాపలతో వెళ్లి మధ్యాహ్నానికి దిగి రావచ్చు. ఆ మాత్రం దానికి మనవాడు దండయాత్రకు బయల్దేరుతున్నట్టు భోజనాల బల్ల దగ్గర కూర్చుని హుకుములు జారీ చేశాడు. ఎండ ముదరక ముందే ఎక్కెయ్యాలి. నీళ్ల సీసాలు తను మోస్తాడు, తిండి సంచి భార్య పట్టుకుంటుంది, టోపీలు కూతురి బాధ్యత. వాళ్లిద్దరికీ షాపు నుంచి కొత్త బూట్లు కూడా తెచ్చాడు, జారకుండా అడుగున గట్టి పట్టున్నవి.

"మరి నానమ్మకి?" అంది కూతురు.

"నానమ్మకి మోకాళ్లు కదమ్మా! కింద పార్కింగు దగ్గర బెంచీ ఉంది. మిగతా సామాన్లు చూసుకుంటూ అక్కడ కూర్చుంటుంది."

అతని తల్లి వంటగది గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "అవును తల్లీ, మీరు వెళ్లిరండి. నేను కింద హాయిగా గాలి పీల్చుకుంటా" అని నవ్వేసింది. ఆ నవ్వుతో అతని మనసు కుదుటపడింది. నిజానికి ఆమెకు మోకాళ్ల జబ్బని ఏ డాక్టరూ చెప్పలేదు, ఆమె కూడా ఎన్నడూ అనలేదు. కొన్నేళ్లుగా కుంటుతోంది కాబట్టి మోకాళ్లే అయ్యుంటాయని ఇతగాడే తేల్చేశాడు.

శుక్రవారం అతను షాపు నుంచి పెందలాడే వచ్చాడు. బిల్డింగులో లిఫ్టు పనిచెయ్యడం లేదు. రెండో అంతస్తుకే ఆయాసం తన్నుకొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. పైనుంచి కూతురి గొంతు వినిపించింది.

"నానమ్మా, ఆగు! నువ్వు చీటింగు!"

తల పైకెత్తి చూశాడు. తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో చకచకా మెట్లెక్కేస్తోంది. వెనకాల మనవరాలు రొప్పుకుంటూ పరిగెడుతోంది.

"అమ్మా!"

ఆమె ఉలిక్కిపడి ఆగిపోయింది. దొంగతనం చేస్తూ దొరికిపోయిన చిన్నపిల్లలా గబగబా చెప్పులు కింద పడేసి కాళ్లకు తొడుక్కుంది. కొడుకు కోసం మెట్లు దిగడం మొదలుపెట్టింది. మొదటి మెట్టు దగ్గరే కుంటు వచ్చేసింది.

కొలబద్ద ఆ కుంటునే చూస్తూ నిలబడ్డాడు. చెప్పుల మీద బతికేవాడు, అది చూశాక ఇంకా అర్థం కాకపోతే ఎలా?

"రోజూ ప్రాక్టీసు చేస్తున్నాం నాన్నా! నానమ్మ కూడా కొండెక్కుతుంది. నీకు సర్‌ప్రైజు!" అంది కూతురు.

"అమ్మా, నీకు మోకాళ్ల నొప్పులు లేవా?"

"మోకాళ్లకేం రా, గుండ్రాళ్లలా ఉన్నాయి."

"మరి ఎందుకు కుంటుతావు?"

ఆమె చూపు చెప్పుల మీదికి దిగింది. అతను మెట్టు మీద కూలబడి ఆమె పాదం కేసి చూశాడు. మడమ చెప్పు దాటి వెనక్కి వేలాడుతోంది. చిటికెన వేలు పట్టీ కింద నలిగి కాయ కాసింది. చెప్పు ఆరో నంబరు. కాలు ఏడు. పరాయి వాళ్ల కాళ్లను చూసినట్టు చూడగానే కన్ను ఠక్కున చెప్పేసింది. ఇన్నేళ్లలో ఆ కన్ను ఒక్కసారీ ఇటు తిరగలేదు.

తిరగాల్సిన అవసరమేం వచ్చింది? షాపులో ఆడవాళ్లవి ఆరో నంబరే ఎక్కువ తెప్పిస్తారు, మిగిలిపోయేదీ అదే. ఎవరూ కొనని జోళ్లను యజమాని పనివాళ్లకు ఇచ్చేస్తాడు. వాటిని తెచ్చి, "అమ్మా, ఇవి నీకు" అని ఇవ్వడమే అతను చేసిన ఘనకార్యం. ఆ చెప్పులతో ఆమెను కుంటిదాన్ని చేసిందీ తనే, కుంటుతోందని బెంచీ మీద కూర్చోబెట్టబోయిందీ తనే. సిగ్గుతో అతని ముఖం కందిపోయింది. కూతురు ఎదురుగా ఉండగా తలెత్తలేకపోయాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏం చెప్పమంటావురా? మావాడు కాలు చూడగానే సైజు చెప్పేస్తాడని కనబడ్డవాళ్లందరికీ గొప్పలు చెప్పుకున్నాను. వాడు తెచ్చినవి నాకే పట్టలేదంటే నీ పరువేం కాను?"

ఆ రాత్రి అతను భోజనం మధ్యలోనే లేచిపోయాడు. భార్య ఏమైందని అడిగితే తల నొప్పన్నాడు. ఆ అబద్ధానికీ సిగ్గుపడ్డాడు.

మర్నాడు తల్లిని షాపుకు తీసుకెళ్లాడు. కుర్చీలో కూర్చోబెట్టి, ముందు మోకాళ్ల మీద కూర్చుని, పాదాలు కొలిచే పలక జరిపాడు. కౌంటరు దగ్గరి కుర్రాడు నవ్వాడు.

"ఏంటన్నా, అమ్మగారి కాలు కూడా కొలవాలా నువ్వు?"

"కొలవాలి" అన్నాడు కొలబద్ద.

రెండు పాదాలూ కొలిచాడు. కొత్త సరుకులోంచి ఏడో నంబరు బూట్లు తీసి, తన చేత్తోనే తొడిగి, లేసులు కట్టాడు. ఆమె లేచి అద్దం దాకా నడిచి వెనక్కి వచ్చింది. కుంటు లేదు. ఆమె ముఖంలో మాత్రం ఏదో అనుమానం.

"బాగున్నాయి రా. కానీ పెద్దవయ్యాయేమో, కాలికి ఎక్కడా ఏమీ తగలట్లేదు. ఒక నంబరు తక్కువది ఉందేమో చూడు."

అతను బూటు కొనను వేలితో నొక్కి చూశాడు.

"పెద్దవి కాదమ్మా. సరిపోతే ఇలాగే ఉంటుంది."

"అవునా?" అని ఆమె తన కాళ్ల వంక వింతగా చూసుకుంది. నమ్మకం కుదరక మళ్లీ ఒకసారి అద్దం దాకా నడిచింది. అతను నేల మీదనుంచి లేవలేదు. ఖాళీ అట్టపెట్టెలకు మూతలు పెడుతూ తల దించుకునే ఉన్నాడు.