కొక్కెం మీది బరువు

జైపాల్ చక్రం పక్కన గొంతుక్కూచుని నట్లు బిగిస్తున్నాడు. ఒకటి బిగించాక పక్కది కాదు, ఎదురుగా ఉన్నది. ఇరవై నాలుగేళ్లుగా అతని పద్ధతి అదే. ముంజేతుల నిండా నిప్పురవ్వలు వదిలిన నల్ల చుక్కలు, వెల్డింగు వెలుగుకు సగం మూసుకుపోయిన ఎడమకన్ను. వయసు యాభై ఒకటి. రోజూ గౌడవెల్లి నుంచి బైకు మీద శామీర్‌పేట దారిలోని జనార్ధన్ షెడ్డుకు వస్తాడు. మొదట్లో అక్కడ ట్రాక్టరు ట్రాలీలు చేసేవారు. ఇప్పుడు కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇళ్లు చేస్తున్నారు. లోపల మంచాలు, పొయ్యి, సింకు. ఈ బండి చట్రంలోని ప్రతి అతుకూ జైపాల్‌దే.

లోపల సుధీర్ ఈల వేస్తూ సామాను సర్దుతున్నాడు. ఆ ఈల జైపాల్ చెవుల్లో ఇసుకలా పడుతోంది.

ఎనిమిదేళ్ల కిందట మచ్చ బొల్లారం నుంచి వచ్చినప్పుడు సుధీర్‌కు వెల్డింగు రాడ్డు పట్టుకోవడం కూడా తెలియదు. చేతిమీద చెయ్యి వేసి మొదటి గీత గీయించింది జైపాలే. ఇప్పుడు కొనేవాళ్లంతా సుధీర్‌తోనే మాట్లాడతారు. అతనికి హిందీ వచ్చు, ఇంగ్లీషు కొంత వచ్చు, నవ్వడం బాగా వచ్చు.

ఈ బండి కొన్న హేమచంద్, నాగమణి దంపతులు సముద్రం పక్కనే గోవా నుంచి కన్యాకుమారి దాకా ఇరవై రోజులు తిరగాలనుకున్నారు. బండి లాగడం అలవాటు లేదు, షెడ్డు నుంచి ఒక మనిషిని పంపమన్నారు. ఆ మాట జనవరిలోనే జైపాల్ చెవిన పడింది. మార్చిలో ఎవరికీ చెప్పకుండా కారు నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాడు. ఒక్క భార్య లతకు చెప్పాడు. అతను సముద్రం చూడలేదు. లత వేములవాడ దాటలేదు, కానీ భర్త కోసం కొత్త తువ్వాలు కొని పెట్టింది.

వాళ్లతో వెళ్లడానికి జనార్ధన్ సుధీర్ పేరు చెప్పాడు. ఆ సాయంత్రం లత తువ్వాలును బీరువాలో అడుగున పెట్టింది.

"అన్నా, సామాను ఎక్కించుడు అయిపోయింది. ఇగ కాంటకు పోదాం," అన్నాడు సుధీర్.

మేడ్చల్ ధర్మకాంట దగ్గర, హేమచంద్ దంపతులు వచ్చిన కారు నుంచి బండిని విడదీశారు. మొదట మొత్తం బండిని కాంట మీద తూచారు. తర్వాత చక్రాలు మాత్రమే కాంట మీద ఉండేలా, ముందు కొక్కెం సిమెంటు నేల మీదికి వచ్చేలా జరిపి మళ్లీ తూచారు. రెండు చీటీలూ జైపాల్ చేతికే వచ్చాయి. పద్నాలుగు వందల ఎనభై. పద్నాలుగు వందల నలభై. అంటే కొక్కెం మీద పడేది నలభై కిలోలే. అక్కడ మొత్తం బరువులో పదోవంతయినా ఉండాలి. సుధీర్ బరువులన్నీ తలుపుకు దగ్గరగా, వెనక పేర్చాడు.

"అంతా మంచిగనే ఉందా అన్నా?"

"ఉంది," అన్నాడు జైపాల్.

ఆ మాట నోట్లోంచి చాలా సులువుగా వచ్చింది. చీటీలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఘాట్ రోడ్డు దిగుతుండగా బండి వెనక భాగం తోకలా అటూ ఇటూ ఊగడం, సుధీర్ ఈల ఆగిపోవడం అతని కళ్లకు కట్టింది. అది చూస్తూ ఒక నిమిషం హాయిగా నిలబడ్డాడు కూడా.

సుధీర్ వంగి కొక్కేన్ని రెండు చేతులతో అవలీలగా లేపాడు. "సూడన్నా, పువ్వు లెక్క లేస్తాంది," అని నవ్వాడు. నాగమణి అప్పటికే కారులో కూచుని ఒళ్లో దారిపటం పరుచుకుంది.

"దించు," అన్నాడు జైపాల్.

"ఏంది?"

"దించమన్న. ఎనక బరువు మస్తుంది. స్పీడు మీద తోక ఊపుతది. కారును గూడ గుంజి పడేస్తది."

సుధీర్ మొహంలో నవ్వు పోయింది. జైపాల్ తనే లోపలికెక్కాడు. జనరేటరు, నీళ్ల క్యాన్లు, పనిముట్ల పెట్టె ఒక్కొక్కటే ఈడ్చి చక్రాలకు కాస్త ముందుకు, నేలకు ఆనించి తాళ్లతో కట్టాడు. తలుపు దగ్గర దుప్పటిలో చుట్టిన పెద్ద గ్రైండరు కనిపించింది.

"గిది వద్దమ్మా. ముప్పై కిలోలుంటది."

"అయ్యో, అది లేకపోతే దోసెలెలాగండీ?" అంది నాగమణి.

"ఇరవై రోజులే కదా, బయట తిందాంలే," అన్నాడు హేమచంద్.

మళ్లీ తూచారు. ఈసారి కొక్కెం మీద నూట యాభై పడింది. కొక్కెం కారుకు తగిలించి, గొలుసులు అడ్డంగా వేసి, వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో జైపాల్ రెండుసార్లు చూశాడు.

సుధీర్ ఫోను మోగింది. అవతల జనార్ధన్. "ఆ సార్, తూకం సక్కగ జేయించిన. ఎనక బరువుంటే ముంగటికి మార్పిచ్చిన. పరేషాన్ గాకుండ్రి." మాట్లాడుతూ జైపాల్ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

జైపాల్ చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాడు. ఎవరికి చెప్పినా ఆ కారులో తను కూచునేది లేదు.

"గ్రైండరు మీ దగ్గరే ఉంచండి, వచ్చాక తీసుకుంటాం," అంది నాగమణి అద్దంలోంచి.

కారు కదిలింది. తెల్లటి బండి లారీల మధ్య ఏమాత్రం ఊగకుండా, గీసిన గీతలా రింగురోడ్డు వైపు వెళ్లిపోయింది. అంత నిలకడగా పోవడం కూడా అతనికి నచ్చలేదు.

కాంట పక్కన సిమెంటు గట్టు మీద గ్రైండరు ఉంది. దుప్పటి ఒక పక్కకు జారింది. రాళ్ల సందున పొద్దుటి పిండి ఇంకా తడిగా, తెల్లగా ఉంది.