తిరుగుతోంది కదా!

"తిరుగుతోంది కదే, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు కరుణాకర్ బాబాయి, నిచ్చెన మీదున్న ఫెబాతో.

చీరాలలో ఆ సాయంత్రం ఆరింటికే నాటక పోటీలు. లైట్ల కాంట్రాక్టు బాబాయిది. లైట్ల బోర్డు దగ్గర కూర్చోవడం మాత్రం ఫెబాకి ఇదే మొదటిసారి. నాటకం గంటసేపు, స్పాట్ లైటు మొదటినుంచీ వెలుగుతూనే ఉండాలి. ఆఖరి సీనులో మిగతా లైట్లన్నీ ఆరిపోయి, మగ్గం ముందు కూర్చున్న ముసలి నేతగాడి మీద ఒక్క స్పాట్ లైటే మిగలాలి. అదీ ఆరిందంటే నాటకం గోవిందా! "తేడా వచ్చిందంటే మళ్లీ బోర్డు ముట్టుకోనివ్వను" అని బాబాయి ముందే చెప్పేశాడు.

ఆ స్పాట్ లైటు ఎండాకాలమంతా గుంటూరు మిర్చి గోడౌన్ల పక్క ఫంక్షన్లలో వెలిగొచ్చింది. దాన్ని చల్లబరిచే చిన్న ఫ్యాను తిరుగుతోంది, నిజమే. కానీ గొంతు పట్టేసినట్టు గరగరమంటోంది.

"ఫ్యాను మార్చేద్దాం బాబాయ్."

"పోయాక మారుద్దాం. నడిచేదాన్ని పీకే అలవాటు మన షాపులో లేదు. ఇందాక ఐదు నిమిషాలు వెలిగించి చూశాగా, బ్రహ్మాండంగా ఉంది!"

ఐదు నిమిషాలు! ఫెబాకి అసలు చిక్కు అక్కడే దొరికింది. అందరూ ఐదు నిమిషాలే చూస్తారు, నాటకం గంట కదా! రెండింటికి స్పాట్ వెలిగించి, ఫోన్లో టైమర్ పెట్టి, కిందే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

నేతగాడి వేషం వేసే వెంకయ్య గారు మీసం అంటించుకుంటూ నవ్వారు. "ఏమ్మా, పాలు కాస్తున్నావా? పొంగితే చెప్పు!"

నలభై నిమిషాలు. యాభై. యాభై రెండో నిమిషంలో టప్పున ఆరిపోయింది.

బాబాయి పరిగెత్తుకొచ్చి స్విచ్చులన్నీ నొక్కాడు. ఊహూఁ. పది నిమిషాలు చల్లారాక దానంతటదే వెలిగింది.

"చూశావా, బాగానే..." అనబోయి ఆగిపోయాడు. యాభై రెండంటే సరిగ్గా ఆఖరి సీను!

ఫెబా మూత విప్పింది. ఫ్యాను రెక్కల నిండా ఎర్రటి దుమ్ము, గ్రీజుతో కలిసి పచ్చడిలా గడ్డకట్టింది. వంగి చూసిన బాబాయికి వరసగా ఏడు తుమ్ములు.

"ఒసేయ్... హాచ్! మార్చెయ్యవే తల్లీ!"

అదే సైజు ఫ్యాను ఓ కంప్యూటర్ షాపులో దొరికింది. నాలుగింటికల్లా బిగించి, మళ్లీ వెలిగించి, గంటా ఐదు నిమిషాలు చూసింది. ఆరలేదు.

సాయంత్రం నాటకం నడుస్తోంది. యాభై రెండో నిమిషం. వెంకయ్య గారు మగ్గం మీద చెయ్యి వేశారు. వెలుగు ఆయన వేళ్ల మీదే నిలబడింది. యాభై మూడు. యాభై ఎనిమిది. తెర పడింది, హాలంతా లేచి నిలబడింది! ఈల వేసిందెవరా అని ఫెబా తిరిగి చూస్తే, బాబాయి!

సామాను సర్దేటప్పుడు బాబాయి రెండో స్పాట్ ఆన్ చేసి దానికి చెవి ఆనించాడు.

"ఇదీ తిరుగుతోందే," అన్నాడు.

కాసేపు విన్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఫెబా చేతిలో పెట్టాడు.