దొరసానికి పరీక్షలు

"పిల్లి మళ్ళీ కక్కింది, చూడు," అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండానే. ఆ ఇంట్లో "చూడు" అంటే వెళ్ళి తుడువు అని. పాలు పొంగుతున్నాయి చూడు, తలుపెవరో కొడుతున్నారు చూడు, అమ్మ పిలుస్తోంది చూడు. పెళ్ళయిన నాటినుంచీ ఆమె చూస్తూనే ఉంది. తడిగుడ్డ పట్టుకుని సోఫా పక్కన మోకాళ్ళమీద కూర్చుంటే దొరసాని ఆమెకేసి చూసింది, తప్పు చేసినదానిలా కాదు, పని పురమాయించినదానిలా. ఆ చూపు చూసే అత్తగారు దానికా పేరు పెట్టింది.

అది అత్తగారి పిల్లి. ఆవిడ మంచాన పడ్డన్నాళ్ళూ కాళ్ళ దగ్గరే పడుకుని, ఆవిడ పోయాక కోడలి ఒళ్ళోకి మారింది. ఇప్పుడది ముసలిదైపోయింది. మూత్రపిండాల జబ్బు ఎన్నాళ్ళనుంచో ఉంది. దవడ పక్కనుంచి మాత్ర ఎలా జార్చాలో, మెడ దగ్గర వదులు చర్మం ఎత్తి సెలైన్ ఎలా ఎక్కించాలో, ఏ పూట తింటుందో, ఏ పూట మూతి తిప్పుకుంటుందో ఆమె ఒక్కతికే తెలుసు. ఈమధ్య కక్కడం ఎక్కువైంది. ఒళ్ళు నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది. డాక్టరుకి చూపించక తప్పదనుకుంది.

తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో సెలవడిగితే, "ఇవాళ పిల్లికి, రేపు బల్లికి," అని మేనేజరు నవ్వాడు. పక్కవాళ్ళు నవ్వేదాకా ఆగి మళ్ళీ నవ్వాడు. జీతంలో కోసుకోమని చెప్పి వచ్చేసిందామె. తీరా బయల్దేరేసరికి భర్త కూడా చొక్కా తొడుక్కున్నాడు. అమ్మ పిల్లి కదా, డాక్టరుతో తనే మాట్లాడతానన్నాడు.

డాక్టరు ఆడమనిషే, వయసులో చిన్నది. అయినా ప్రశ్నలన్నీ భర్తనే అడిగింది. ఎన్నాళ్ళనుంచి కక్కుతోంది, తిన్న వెంటనేనా, ఆలస్యంగానా, నీళ్ళు ఎక్కువ తాగుతోందా? జవాబులన్నీ ఆమె చెప్పింది. భర్త మధ్యమధ్యలో "అవునవును" అంటూ వచ్చాడు. రక్తపరీక్షకూ, కడుపు స్కానింగుకూ ఆమె మరో ఆలోచన లేకుండా ఒప్పుకుంది. స్కానింగు అయ్యేదాకా దొరసాని ముందుకాళ్ళు తనే పట్టుకుంది. స్కానింగుకని పొట్టమీది బొచ్చు గొరుగుతుంటే దాని గుండె ఎంత జోరుగా కొట్టుకుందో ఆ చేతులకే తెలుసు.

మూత్రపిండాలు ఇంకాస్త దెబ్బతిన్నాయని తేలింది. పేగు గోడ మందంగా ఉందట. అది వట్టి వాపైనా కావచ్చు, క్యాన్సరైనా కావచ్చు, స్కానులో రెండూ ఒకేలా కనిపిస్తాయి అని డాక్టరు వివరించింది. ఫలానా అని తేలాలంటే మత్తిచ్చి, పొట్ట కోసి, ముక్క తీసి పరీక్షకు పంపాలి. అంతా చెప్పి, భర్తవైపు తిరిగి, "ఏం చేద్దాం సార్?" అంది.

"అన్నీ చేసేయండి. దేనికీ వెనకాడేది లేదు," అన్నాడు.

ఆ మాట ఆమె ఇదివరకే విన్నది. అత్తగారి చివరి రోజుల్లో ఆసుపత్రి వరండాలో భర్తా, అతని అన్నదమ్ములూ పెద్ద డాక్టరు చుట్టూ నిలబడి సరిగ్గా ఇలాగే అన్నారు. అన్నీ చేసేయమని చెప్పి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళి పడుకున్నారు. లోపల అత్తగారు సూదిపోట్లకు కమిలిపోయిన చేతిని గుండెకు ఆనించుకుని, "ఇంక నన్ను గుచ్చొద్దని చెప్పవే. వాళ్ళు నా మాట వినరు," అంది కోడలితో. కోడలు ఊరుకోలేదు. వరండాలోకి వచ్చి అందరి ముందూ చెప్పింది. "నువ్వుండు, మేం మాట్లాడుతున్నాం కదా," అన్నాడు భర్త. కోడలికేం, త్వరగా తెమిలిపోతే బాగుండుననే ఉంటుంది అంది ఆడపడుచు. ఎత్తి కూర్చోబెట్టడానికీ, కడగడానికీ, పక్క మార్చడానికీ ఆమె చేతులు కావలసి వచ్చాయి. ఆమె నోరు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ తర్వాత కూడా అత్తగారిని గుచ్చుతూనే ఉన్నారు. ఆ "నువ్వుండు" ఇన్నేళ్ళూ ఆమె మర్చిపోలేదు.

"డాక్టరుగారూ, నన్నడగండి," అంది. గొంతు పెంచలేదు. "దీన్ని సాకేది నేను."

"నువ్వుండు..."

"ఉండను."

డాక్టరు కుర్చీ ఆమెవైపు తిప్పుకుంది.

మత్తు తట్టుకుంటుందా అని అడిగిందామె. ఈ మూత్రపిండాలతో ప్రమాదమేనని డాక్టరు ఒప్పుకుంది.

"ఏదో తేలిందనుకోండి, మందు మారుతుందా?"

డాక్టరు స్కాను కాగితం మళ్ళీ చూసింది. "క్యాన్సరని తేలితే ఇంకో మాత్ర కలుపుతాం. కొన్నిటికి బాగానే పనిచేస్తుంది. తేలకపోయినా వాపు తగ్గే మందు మొదలుపెట్టొచ్చు. రెండిటికీ మొదట ఇచ్చేది అదే."

ఆ ఇంకో మాత్ర దొరసానిని మరికొంత కాలం నిలబెట్టవచ్చు. ఆ సంగతి ఆమె తేలిగ్గా తీసిపారేయలేదు. బుట్టలో ముడుచుకున్న పిల్లి మీద చెయ్యి వేసింది. తప్పయినా ఒప్పయినా ఈసారి తనదే. రేపు ఏడవాల్సి వస్తే, తను తీసుకున్న నిర్ణయానికే ఏడుస్తుంది, ఇంకొకరిదానికి కాదు.

"కోయొద్దు. మందు మొదలుపెట్టండి. రక్తపరీక్షకు మళ్ళీ తీసుకొస్తాను. కక్కడం తగ్గకపోతే అప్పుడు మనిద్దరం మాట్లాడుకుందాం."

దారిలో భర్త, పరాయి మనిషి ముందు తన పరువు తీసిందన్నాడు. అమ్మే ఉంటే పరీక్షలన్నీ చేయించేదన్నాడు.

"అత్తయ్య ఏమనేదో నాకు చెప్పే పోయింది. ఆవేళ వరండాలో మీకూ చెప్పాను."



మందు పడ్డాక దొరసాని కాస్త కోలుకుంది. పోయిన ఒళ్ళు తిరిగి రాలేదు కానీ కక్కడం తగ్గింది, గిన్నె అడుగుదాకా నాకుతోంది. ఒక సాయంత్రం ఆమె మాత్రల డబ్బా తెచ్చి భర్త ముందు పెట్టింది. రేపట్నుంచి పొద్దుటి మాత్ర అతనే వేయాలంది.

"నాకేం తెలుసు? కరుస్తుంది."

"నన్నూ కరిచింది."

"మరి ఎలా వేయాలి?"

"నేర్పుతాను," అంది, దొరసానిని ఎత్తి అతని ఒళ్ళో పెడుతూ, "ఒక్కసారే."