‘ఆగని బండి’ బ్యాండు బతికిన తొంభై రోజులు

రోజూ పొద్దున ఏడింటికి డ్రైవింగ్ స్కూలు మాస్టారు తన వదినను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్క సీట్లో కూర్చునేవాడు. నేర్పే కారు కదా, ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. ఎదురుగా ఈగ కనిపించినా చాలు, ఆయన కాలు దానిమీద పడేది. రెండేళ్ళలో వదిన కాలికి బ్రేకు తొక్కే అవసరమే రాలేదు. అందుకే లైసెన్సు పరీక్ష ఏడుసార్లు తప్పింది. ఆ పరీక్షల్లో ఆమె పడగొట్టిన కరెంటు స్తంభాలన్నీ వరసగా పాతితే ఇంకో ఊరికి కరెంటు వచ్చేది.

సాయంత్రం ఆరింటికి అదే కారు షెడ్డులో రాక్ బ్యాండు. మాస్టారు డ్రమ్ములు, వదిన గిటారు. పాడేది మాస్టారి తల్లి, అంటే వదినకు అత్తగారు. డెబ్భై ఏళ్ళ ఆవిడ గొంతెత్తిందంటే మూడు వీధుల అవతల గ్లాసుల్లో కట్టుడు పళ్ళు లేచి నిలబడేవి. బ్యాండు పేరు ‘ఆగని బండి’. తొమ్మిది పాటలు కట్టారు. ఒక్కటీ చివరిదాకా సాగలేదు.

వదిన గిటారు కాస్త జోరందుకోగానే మాస్టారికి కారు గుర్తొచ్చేది. పెద్ద డ్రమ్ము పెడల్ని బ్రేకులా తొక్కి పట్టేవాడు. ఆయనలా తొక్కితే మనుషులు తప్ప చుట్టుపక్కల కదిలేవన్నీ ఆగిపోయేవి. గిటారు తీగలు, ఫ్యాను రెక్కలు, కప్పులోకి వంచుతున్న టీ, అన్నీ ఎక్కడివక్కడే. మేడమీది ఆయన ఆ సందు చూసుకుని స్టూలెక్కి ఫ్యాను తుడుచుకునేవాడు.

“కాస్త పట్టి ఉంచండి మాస్టారూ, ఇంకో రెక్క ఉంది!”

“కాలు తియ్యరా, పాట చల్లారిపోతోంది!” అని అత్తగారు కేకలేసేది.

“వదిన ఎటు పోతుందోనని భయమమ్మా.”

“ఎటు పోతాను మరిదీ? గిటారుకి చక్రాలున్నాయా?”

ఇంతలో వదినకు ఉద్యోగం కాగితం వచ్చింది. పదేళ్ళుగా గ్రంథాలయంలో పుస్తకాల దుమ్ము దులుపుతున్న మనిషికి, ఊరూరా పుస్తకాలు తీసుకెళ్ళే బస్సు నడిపే పని! సోమవారం లైసెన్సు చూపిస్తే బస్సు ఆమెది, లేకపోతే ఇంకొకరిది. ఎనిమిదో పరీక్ష ఆ పొద్దున్నే.

ఆదివారం మధ్యాహ్నం బ్యాండుకి మొదటి కచేరీ. తొక్కీ తొక్కీ మాస్టారి కుడికాలు గుమ్మడికాయంత వాచింది.

“చేతులతో నేను వాయిస్తాను. పెడలు నువ్వు తొక్కు వదినా.”

“ఇన్నాళ్ళకి నాకూ కాళ్ళున్నాయని తెలిసిందన్నమాట!”

నూట ఇరవై కుర్చీల్లో నాలుగువేల మంది కూర్చున్నారు. మొదటి పాట మంచి ఊపులో ఉండగా, ఏనుగంత స్పీకరు ఊగి ఊగి అత్తగారి మీదికి ఒరిగింది. మాస్టారు “అమ్మా!” అంటూ వాచిన కాలితో నేలను తన్నాడు. నేల ఏం చేస్తుంది? ఆ క్షణంలో వదిన కాలు, ఆమెను అడక్కుండానే, పెడలు మీద పడింది.

స్పీకరు అత్తగారి ముడికి జానెడు పైన ఆగింది. ఆవిడ తలెత్తి చూసింది.

“జరగమంటావా అమ్మాయ్?”

“తీరిగ్గా జరగండత్తయ్యా. నేను పట్టే ఉన్నాను.”

తరవాత వదిన కాలు కొంచెం కొంచెంగా వదిలింది. స్పీకరు నిద్రపోయే పిల్లను పడుకోబెట్టినంత మెల్లగా నేలకి దిగింది. ఆగిన తీగ ఆగిన చోటునుంచే మోగింది. పాట ఎప్పుడూ అంతదూరం వెళ్ళలేదు కదా, చివరి చరణం అత్తగారు మరిచేపోయింది. అప్పటికప్పుడు ఇంకోటి కట్టి పాడేసింది.

సోమవారం పరీక్ష పెట్టే ఆఫీసరు హెల్మెట్టు పెట్టుకుని మరీ కారెక్కాడు. సంత మధ్యలో “ఆపండి” అన్నాడు. కారు ఆగింది. కారొక్కటే. సైకిళ్ళు, పావురాలు, ఆఫీసరు చెమట బొట్లు, అన్నీ వాటి దారిన అవి పోతూనే ఉన్నాయి. ఆయన హెల్మెట్టు తీసి సంతకం పెట్టాడు.

బస్సు నలభై ఊళ్ళు తిరగాలి, ఇక సాధన ఎక్కడ? అలా తొంభయ్యో రోజున బ్యాండు ముగిసింది.

“ఒక పాట మొత్తం పాడాను, చాల్లే,” అంటూ అత్తగారు సంచీ సర్దుకుని బస్సెక్కింది. “పుస్తకాల మీద ముద్ర నేనేస్తా.”

“మరి నేనో?” అన్నాడు మాస్టారు.

“సభ్యుడిగా చేరు మరిదీ. రెండు పుస్తకాలిస్తాం.”

బస్సు కదిలింది. రెండేళ్ళూ పక్కన కూర్చుని రోడ్డుకేసి చూశాడే గాని, వదిన నడపడం ఆయన ఎన్నడూ చూడలేదు. మలుపులో బస్సు ఒయ్యారంగా తిరిగి వెళుతుంటే పుస్తకాలు చంకలో పెట్టుకుని నోరు తెరుచుకు నిలబడ్డాడు.

“బాగానే నడుపుతోందే!” అన్నాడు.