లెక్కకు రాని మోత

నేను ఒక ఇనుప తట్టను. అంచు ఒకచోట వంగిపోయింది. అడుగున చిల్లు పడితే అందులో గుడ్డపీలిక కుక్కారు. తుల్జమ్మ ఇంటి వెనక బర్రెల కొట్టం గోడకు ఆనుకుని ఉంటాను. నన్ను చూసి ఎవరూ ఆగరు, తట్టకు కథేమిటని మీరు ముందుకు సాగిపోయినా నేను తప్పు పట్టను. నాకు నొప్పి తెలియదు. చలి తెలియదు, బరువూ తెలియదు. అది నా ఓర్పు కాదు, ఇనుము గుణం. అయితే నా కథలో నొప్పి తెలిసిన మనిషి ఒకరున్నారు. ఆమెకు మెల్లమెల్లగా నా గుణం పట్టుకుంది. అందుకని చెబుతున్నాను.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. పాత డ్రమ్ములను చీల్చి, రేకును గుండ్రంగా కోసి, మర కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కారు. అంతే, తుమ్మినంత సేపట్లో తట్టనైపోయాను. అంతకుముందు నాలో నూనె ఉండేదో రంగు ఉండేదో గుర్తు లేదు. ఒకరి ఒడిలో ఒకరం కూర్చుని లారీలో నారాయణఖేడ్ సంతకు వచ్చాం. అక్కడ ఒక మేస్త్రీ నన్ను వేలితో కొట్టి, చప్పుడు విని, తల ఊపి కొన్నాడు. మనుషులు కొనేటప్పుడు మాత్రం తట్ట మాట శ్రద్ధగా వింటారు.

మేస్త్రీ దగ్గర కొన్నాళ్లు సిమెంటు మోశాను. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న చింతల్‌గేరాలో పండరి అనే రైతు ఇంటికి ప్రహరీ కట్టి, వెళ్లేటప్పుడు మేస్త్రీ నన్ను మరిచిపోయాడు. పండరి గుర్తు చేయలేదు. కొన్నాళ్లు గడ్డివాము చాటున ఉంచి, మేస్త్రీ తిరిగి రాడని నమ్మకం కుదిరాక, "మనింటి తట్టనే" అన్నాడు. దొంగ మాత్రం కాడండీ. పొద్దున లేచి హనుమంతుడికి దండం పెట్టకుండా చాయ్ తాగడు. ఊరికే వచ్చినదానికి ఖర్చు వేసుకునే అలవాటు లేదు, అంతే. ఈ గుణాన్ని మీరు కాస్త గుర్తుంచుకోవాలి.

పండరి చేను నల్లరేగడి. ఊరికి దూరంగా, పక్కవాళ్ల కంది చేలకు అవతల ఉంటుంది. వానాకాలం దాన్ని ఖాళీగా వదిలేసి, చలి మొదలయ్యే వేళకు గోధుమ విత్తుతాడు. విత్తకముందే పెంట, అంటే మాగిన పశువుల ఎరువు, చేనికి చేరాలి. అప్పటికి కంది నిలువెత్తు పెరిగి ఉంటుంది. బండి పోదు, ట్రాక్టరు పోదు. మిగిలేది గెట్టు మీది కాలిబాట. ఆ బాట మీద అతని పెళ్లాం తుల్జమ్మ, తుల్జమ్మ నెత్తి మీద నేను.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పెంటకుప్ప దగ్గర మగవాడు పారతో తట్ట నింపుతాడు. మొగుడూ పెళ్లామూ చెరో పక్కా పట్టి ఎత్తుతారు. ఆమె నెత్తి మీది చుట్టబట్టకు తట్ట ఆనగానే అతను చేతులు తీసేస్తాడు. ఆ తర్వాత మోత ఆమెది. మగవాడు పెంట తట్ట నెత్తికెత్తుకోవడం చింతల్‌గేరాలో ఎవరూ చూడలేదు. ఎందుకెత్తుకోడని ఎవరూ అడగనూ లేదు. పండరి నన్ను లెక్కలేనన్ని సార్లు ఎత్తాడు గాని ఒక్కసారి కూడా మోయలేదు.

నిజం చెప్పాలంటే మొదట్లో మోత పెద్దగా లేదు. పండరి అప్పుడు సంచులను నమ్ముకున్నాడు. పేరుకు నాలుగు తట్టల పెంట చల్లి, మిగతాదంతా యూరియాతో కానిచ్చేవాడు. సంచి కోసి నాలో పోస్తే తుల్జమ్మ నన్ను నడుముకు ఆనించుకుని కుడిచేత్తో చల్లుతూ పోయేది. చెమట పట్టిన అరచేతికి యూరియా తగిలితే చల్లగా ఉంటుందట. గుప్పెడు తీసుకుని, చల్లకుండా కాసేపు అలాగే పట్టుకునేది.

"సల్లగున్నదయ్యా. ఐస్ పట్టుకున్నట్టున్నది," అనేది.

"మురిసింది చాలు గాని సల్లు," అనేవాడు పండరి.

ఆ పనిలో ఆమెకు ఇష్టమైనది ఆ చల్లదనం ఒక్కటే. పెంట నన్ను మురికి చేసింది గాని తినలేదు. పంచదారలా తెల్లగా మెరిసే యూరియాయే నన్ను అడుగు నుంచి కొరుక్కు తిన్నది. చేను సంగతీ అలాగే ఉంది. ఏటేటా సంచులు పెరిగాయి, గింజ తగ్గింది. మట్టి ఎండితే పెంకులా తయారయ్యేది. పైగా సంచి దొరకడమే కష్టమైంది. దుకాణం ముందు వరుసలో మనుషులకు బదులు చెప్పులు నిలబడేవి. పండరి చెప్పులు వరుసలో, పండరి చాయ్ బండి దగ్గర.

అలాంటి రోజుల్లో నిహారిక అనే వ్యవసాయ విస్తరణ అధికారి ఊరికి వచ్చింది. చిన్న వయసు, పెద్ద టోపీ. ఊరంతా మేడం అనేది. పండరి చేనులో మూడో వంతును మూడు మళ్లుగా చేసి పరీక్ష పెడదామంది. ఒక మడికి ఉత్త సంచి ఎరువు, ఒక మడికి ఉత్త పెంట, మూడోదానికి సగం పెంట, సగం సంచి. ఏది ఎక్కువ లాభమో ఊరందరికీ కళ్లముందు కనబడుతుందంది. పండరి సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే పోయేదేముంది, మోసేది తను కాదు.

ఆ ఏడు మోత బాగా పెరిగింది. తుల్జమ్మ కుడిచేతి వేళ్లలో తిమ్మిర్లు మొదలైంది అప్పుడే. నన్ను దించాక చేతిని విదిలించుకునేది, నీళ్లు దులుపుకున్నట్టు.

"వేళ్లల్ల చీమలు పారినట్టయితున్నదయ్యా. మెడ సుత గుంజుతున్నది," అని చెప్పింది.

"మోత అయిపోయినంక అదే తగ్గుతది తియ్యి," అన్నాడు పండరి, పార ఎత్తుతూ.

మోత అయిపోయింది. తిమ్మిరి తగ్గలేదు. మెల్లగా చీమలు కూడా పోయాయి, ఏమీ తెలియకుండా అయింది. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రొట్టె కాల్చేటప్పుడు పెనం తగిలి వేళ్లు బొబ్బలెక్కితే, బొబ్బను చూసి గాని కాలిందని తెలుసుకోలేదు. బొబ్బ మీద ఇంత పసుపు రాసుకుని పనిలో పడింది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఆమెను చూస్తే నాకు నా తోటి తట్టను చూసినట్టే ఉండేది.

గోధుమ కోతకు వచ్చింది. ఉత్త సంచి మడి ఏపుగా పెరిగి గాలికి పడిపోయింది. ఉత్త పెంట మడి పచ్చబడి, పొట్టి కంకులు వేసింది. సగం సగం మడి నిటారుగా నిలబడింది. కంకి బరువుగా ఉంది, కాలి కింద మట్టి మెత్తగా ఉంది. కంటికి కనిపించేదాన్ని ఎవరు కాదంటారు? మేడం చేను పక్కన చిన్న షామియానా వేయించి చుట్టుపక్కల రైతులను పిలిచింది. చాయ్ గ్లాసులు పెట్టిన పళ్లెం తుల్జమ్మ తిప్పుతోంది. నన్ను బోర్లించి నా మీద ఎవరో పెద్దమనిషి కూర్చున్నాడు.

"పండరన్నా, పెంటకు ఎంత ఖర్చయింది?" అని మేడం అందరి ముందూ అడిగింది.

"పైసా గాలే మేడం. మా బర్లదే."

"మోయడానికి కూలి?"

"కైకిలోళ్లు ఎందుకు మేడం? ఇంట్ల మనిషే మోసె."

మేడం బోర్డు మీద అక్కడ సున్నా వేసింది. సగం సంచులకు సగం డబ్బు, పెంటకు సున్నా, మోతకు సున్నా. లాభంలో సగం సగం మడి దరిదాపులకు కూడా మరో మడి రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే తుల్జమ్మ చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. "పైలమమ్మా," అన్నారెవరో. ఆమె తన కుడిచేతిని ఎవరి చెయ్యో అన్నట్టు చూసుకుని, ఎడమచేత్తో పెంకులు ఏరింది.

మరుసటి ఏడు పండరి చేనంతా సగం సగమే అన్నాడు. పద్ధతి మంచిదే, నేనేమీ అనను. కానీ మోత మూడింతలైంది. వేసవిలో చేలన్నీ ఖాళీగా ఉన్నప్పుడే ట్రాక్టరుతో తోలించి చేని మూలన కుప్ప పోయించుకోవచ్చు కదా అని మీకు తట్టవచ్చు. అతనికి తట్టలేదు. ట్రాక్టరుకు కిరాయి ఉంటుంది. తుల్జమ్మ నెత్తికి లేదు. ఊరికే జరిగే పనికి ఇంకో దారి ఎవరు వెతుకుతారు?

ఒక పొద్దున గెట్టు మలుపులో ఆమె కాలు కాస్త జారింది. అలవాటుగా కుడిచేత్తో నా అంచు పట్టుకోబోయింది. చెయ్యి వచ్చి నా మీద ఆనింది గాని వేళ్లు ముడుచుకోలేదు. నేను ఆమె భుజానికి తగిలి, కంది చెట్లలోకి దొర్లి, రాతికి కొట్టుకుని వంగిపోయాను. నా అంచుకు ఈ వంకర అప్పుడు వచ్చిందే. పెంటంతా బాట మీద పోయింది. తుల్జమ్మ కూర్చోలేదు, కేక వేయలేదు. నిలబడి చేతిని చూసుకుంటూ ఉండిపోయింది.

చాలాసేపటికి పండరి వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏమాయెనే?"

"చెయ్యి పట్టలే."

"పట్టకపోవుడేంది?"

ఆమె చెయ్యి చాపింది. అతను వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. గిల్లాడు. ఆమె అతని మొహం వైపే చూస్తోంది, ఏం చేస్తున్నాడో అని. 

కానీ నేలలో తేమ ఆరిపోతోంది, రెండు రోజుల్లో విత్తకపోతే చలికాలం పంటంతా చేయి జారినట్టే. పండరి నన్ను తీసుకుని కుప్ప దగ్గరికి వెళ్లాడు. తనే నింపాడు. నెత్తికెత్తడానికి రెండో మనిషి కావాలి. తుల్జమ్మ ఒక పక్క పట్టింది. ఆ పక్క లేవలేదు. చివరికి అతను మోకాళ్ల మీద కూలబడి, నన్ను ఎలాగో నెత్తి మీదికి లాక్కుని, గోడ పట్టుకుని లేచాడు. చింతల్‌గేరా ఆ దృశ్యం చూసింది. ఒకరిద్దరు నవ్వారు కూడా.

మధ్యాహ్నానికి గెట్టు మీద కూలబడ్డాడు. మెడ తిప్పలేకపోయాడు.  మర్నాడు ఇద్దరు ఆడవాళ్లను కూలికి పిలిచి మిగతాది మోయించాడు. ఆ సాయంత్రం కొట్టం దగ్గర కూర్చుని వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. కూలి కలిపేసరికి సగం సగం లాభం ఉత్త సంచి లాభం పక్కకు వచ్చి కూర్చుంది. మళ్లీ మొదటి నుంచి లెక్క వేశాడు. అంతే వచ్చింది.

జహీరాబాదు డాక్టరు, మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, ఇక బరువు మోయకూడదనీ, స్పర్శ తిరిగి వస్తుందో రాదో చెప్పలేననీ అన్నాడట. మొగుడూ పెళ్లామూ బర్రెలకు గడ్డి వేస్తూ మాట్లాడుకుంటుంటే విన్నాను.

"పెంట బందు పెడ్దాం. సంచులే ఏద్దాం," అన్నాడు పండరి.

"మట్టి సచ్చిపోతది. మల్ల పెంకాయితది."

"మరి ఎవలు మోస్తరే?"

"మంద పెట్టియ్యి. ఎండకాలం చేను ఖాళీగనే ఉంటది. గొర్లకు కాళ్లున్నయి, అవే నడిసొస్తయి."

"గొర్ల నింగప్ప ఊకె పెడ్తడా? గోదుమలు అడుగుతడు. మనకేం మిగుల్తది?"

"ఇయ్యకుంటె నువ్వు మొయ్యి."

ఆమె గొంతులో కోపం కూడా లేదు. గడ్డి వేసి లోపలికి వెళ్లిపోయింది.

పండరి చాలాసేపు మెడ రుద్దుకున్నాడు. ఎండాకాలం రాగానే గొర్రెల కాపరి నింగప్ప తన మందను తోలుకొచ్చి, కోసిన గోధుమ చేనులో రాత్రులు పడుకోబెట్టాడు. ఒక చెక్క అయ్యాక ఇంకో చెక్కకు జరిపాడు. ఎరువు తన కాళ్ల మీద తనే నడిచి వచ్చి చేనులో పడింది. నింగప్ప గోధుమలు మూటకట్టుకుని పోతుంటే పండరి ప్రతి గింజా తనను చూసి వెళ్తున్నట్టు నిలబడ్డాడు. ఆ రోజుల్లో నేను గొర్రెపిల్లలకు నీళ్లు పెట్టే తొట్టిని. నా జీవితంలో మోత లేని కాలం అదొక్కటే.

మేడం మళ్లీ వచ్చింది. ఈసారి మందకు ఎంత ఇచ్చావని అడిగింది. పండరి చెప్పాడు. ఆమె మారుమాట లేకుండా ఖర్చులో రాసుకుంది. గొర్రెల నడకకు ధర పడింది. పండరి ఇంకేదో చెప్పబోయి తుల్జమ్మ వైపు చూశాడు. ఆమె చాటలో గోధుమలు చెరుగుతోంది, ఎడమచేత్తో. పోయిన రెండేళ్ల సున్నాలు మాత్రం సున్నాలుగానే ఉండిపోయాయి.

ఈ చలికాలం గోధుమ మొలక మెత్తటి మట్టిలోంచి బాగా లేచింది. మొదటి తడికి సగం మోతాదు యూరియా చల్లాలి. నా చిల్లులో గుడ్డ కుక్కి, సంచి కోసి నాలో పోశారు. నన్ను మోసింది పండరి. అతని నడుము నాకు ఇంకా అలవాటు కాలేదు. తుల్జమ్మ పక్కన నడుస్తూ ఎడమచేత్తో చల్లుతోంది.

చేను మధ్యకు వచ్చాక ఆగింది. కాలువలో కుడిచేతిని తడిపి నాలో పెట్టింది. గింజల మధ్య వేళ్లు అలాగే ఉంచింది. యూరియా ఆ వేళ్ల తడిలో మెల్లగా కరుగుతోంది.

"ఇగో, సల్లగున్నదా?" అని మొగుణ్ణి అడిగింది.

పండరి ఆమెను చూశాడు. వంగి తన చెయ్యి తడుపుకుని, ఆమె చెయ్యి పక్కనే పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"సల్లగున్నదే," అన్నాడు. "మస్తు సల్లగున్నది."

ఆమె తల ఊపింది. నాకైతే అది ఎప్పుడూ తెలిసింది కాదు. అతను చెప్పాడు గనుక మేమిద్దరం నమ్మాం.