చిత్రిక పట్టిన తలుపు

వెనక గది తలుపు మళ్ళీ పట్టేసింది. వడ్రంగి దాన్ని బందుల నుంచి ఊడదీసి, వరండాలో బల్లమీద పడుకోబెట్టి, పై అంచుకు చిత్రిక పట్టాడు. పొట్టు సుళ్ళు తిరుగుతూ కాళ్ళ మీద రాలింది. తిరిగి బిగించాక తలుపు చిటికెన వేలితో తోసినా కదిలింది. ఆ పనితనానికి మురిసిపోవలసిన భార్య మాత్రం మూతి ముడుచుకుని నిలబడింది.

"మండే ఎండలు. ఈ రోజుల్లో చెక్క ఉబ్బుతుందా ఎక్కడైనా?" అంది.

"చెక్క సంగతి నాకే చెప్తున్నావా?"

"నేను చెప్పేది గోడ సంగతి. మీ తమ్ముణ్ణి ఒకసారి పిలిచి చూపించండి."

చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఇల్లు కట్టింది తమ్ముడే. పేరున్న మేస్త్రి. పునాది తవ్విన నాటి నుంచి కప్పు పడేదాకా దగ్గరుండి నడిపించాడు. అప్పట్లో వడ్రంగి బావమరుదులు "తమ్ముడికి అప్పగిస్తే, పని నాసిగా చేసినా ఇక అడిగేవాడెవడు" అని వెటకారాలాడారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. గోడ బీటలిచ్చిందని నోరు జారితే చాలు, వాళ్ళు తమ్ముడి పేరు బజారుకీడుస్తారు. తమ్ముడి మీద ఈగ వాలనివ్వని మనిషి, ఊరుకుంటాడా?

అందుకే ఇల్లు ఎక్కడ మూలిగితే అక్కడికి పనిముట్లతో హాజరయ్యేవాడు. కిటికీ మూల నుంచి పగులు మెట్లు మెట్లుగా పైకెక్కితే దాని మీద అద్దాల అలమర బిగించాడు. కిటికీ రెక్క మూసుకోకపోతే అంచు గీశాడు. నేలకూ గోడకూ మధ్య సందు పడితే నగిషీ చెక్కిన పట్టీ కొట్టాడు. చూడవచ్చినవాళ్ళు, ఇల్లు రోజురోజుకూ ముస్తాబవుతోందే అని మెచ్చుకున్నారు. ఇంత నాజూగ్గా ఇంటి నోరు నొక్కడం ఇంకెవరి తరమూ కాదు.

ఇంతలో కూతురు పసిబిడ్డతో వచ్చి ఆ వెనక గదిలోనే దిగింది. తాతగారు ఉత్సాహం పట్టలేక మనవరాలు పడుకోవడానికి చక్రాల తొట్టె చేసి ఇచ్చాడు. ఒక మధ్యాహ్నం కూతురు పిలిచింది.

"నాన్నా, తొట్టె దానంతటదే మూలకి పోతోంది. చక్రానికి అడ్డంగా ఏమైనా పెట్టు."

"దానికేం భాగ్యం," అంటూ ఒక చెక్కముక్క చెక్కి తెచ్చాడు. చక్రం కింద దాన్ని దోపడానికి మోకాళ్ళ మీద వంగేసరికి గోడ వెంట తను కొట్టిన పట్టీ కనిపించింది. దాని కింద మళ్ళీ సందు పడింది. వేలు పెట్టి చూస్తే రెండో కణుపు దాకా దూరిపోయింది. నేల అక్కడ కిందికి కుంగి ఉంది.

వడ్రంగి లేచి వెళ్ళి తలుపు ఊడదీశాడు. దాని పై మూలన మూలమట్టం ఆనించాడు. ఈ తలుపు అన్ని మూలలూ సరిచూసుకుని తను స్వయంగా చేసింది. ఇప్పుడు పై అంచు ఏటవాలుగా ఉంది. గుమ్మం ఒరిగినప్పుడల్లా దానికి తగ్గట్టు తలుపును తనే అరగదీస్తూ వచ్చాడు. పొట్టుగా పోయిందంతా ఇల్లు కుంగిన కొలతే. తన చేతులంటే తనకే అసహ్యం వేసింది.

బిడ్డను ఎత్తుకుని గబగబా ముందు గదిలోకి నడిచాడు.

"ఏమైంది నాన్నా?"

"ముందు నువ్వు ఇవతలికి రా తల్లీ. ఆ గదిలోకి ఇక ఎవరూ వెళ్ళొద్దు."

కబురు అందగానే తమ్ముడు వచ్చాడు. అలమర దింపించి పగులు చూశాడు, తాడుకు కట్టిన గుండు వేలాడదీసి గోడ ఎంత ఒరిగిందో చూశాడు. తర్వాత బయటికెళ్ళి, స్నానాల గది నుంచి నీళ్ళు పోయే గొట్టం పక్కన గునపం దించాడు. గునపం బురదలోకి జారిపోయింది. తవ్వితే భూమిలో గొట్టం పగిలి ఉంది. ఆ నీరు పునాది కిందికి ఊరి, మట్టి మెత్తబడి, మూల మొత్తం కుంగింది.

"తలుపు మొదట ఎప్పుడు పట్టేసింది అన్నయ్యా?"

"పోయిన వానాకాలానికి ముందు."

తమ్ముడు తవ్విన మట్టికుప్ప మీద కూలబడ్డాడు. "అప్పుడే పిలిచుంటే గొట్టం మార్చి, కింద గట్టిపరిచేవాణ్ణి. ఇప్పుడు ఈ గది దించెయ్యాల్సిందే. మిగతా ఇంటి సంగతి తవ్వి చూస్తేగానీ చెప్పలేను. ఇంతకాలం ఎందుకు దాచావు?"

భర్త అవస్థ చూడలేక భార్యే అందుకుంది. "నీకు మాట వస్తుందని చెప్పలేదయ్యా. నీ మీద ప్రేమతోనే."

"నాకెందుకొస్తుంది వదినా మాట? గొట్టం పగిలితే నా తప్పా?" అన్నాడు తమ్ముడు. అంటూనే ఆగిపోయి అన్నవైపు తిరిగాడు. "అంటే, నా పునాదే చెడిందనుకున్నావు. నీ బావమరుదులు అన్న మాట నువ్వూ నమ్మావన్నమాట."

తలుపు మొదటిసారి పట్టేసిన రోజే ఆ అనుమానం వడ్రంగి మనసులో దూరింది. అది నిజమని తేలుతుందేమోనన్న భయంతోనే గోడవంక చూడకుండా చిత్రిక పట్టుకున్నాడు.

తమ్ముడు లేచి చేతుల మట్టి దులుపుకున్నాడు. గోడ పడకుండా ఆనించడానికి ఇంట్లో దుంగలేమైనా ఉన్నాయా అని, అన్నను కాకుండా వదినను అడిగాడు.