కాఫీ మెషిన్‌కి కట్టిన తాడు

నర్సరీ మొదలుపెట్టినప్పుడు మణిదీప్ దగ్గర ఉన్నది లక్షా ఎనభై వేలు. అరవై వేలతో కడియంలో మందార, నందివర్ధనం మొక్కలు కొన్నాడు. మిగతా డబ్బుతో మొక్కలు మోసే పాత ట్రాలీ ఆటో కొనాల్సింది. కిరాయి ఆటో పిలిస్తే లాభమంతా దానికే పోతుందని అతనికి తెలుసు. అయినా ఆఫీసు గదికి సోఫా, ఏసీ, అద్దాల టేబుల్, కాఫీ మెషిన్ కొన్నాడు. భీమవరంలో చేపల చెరువులున్న భద్రిరాజుగారు పెట్టుబడి పెడతానన్నారు. ఆయన ముందు గదిని చూసి, తర్వాత మనిషిని చూస్తారట.

రోజూ పొద్దున్నే మొక్కలకి నీళ్లు పెట్టి, సోఫా మీద దుమ్ము తుడిచేవాడు. మాసిపోతుందని కూర్చునేవాడు కాదు.

ఒక పొద్దున సోఫా లేదు.

"ఇటే వెళ్లింది. నా ముగ్గు తొక్కేసింది," అంది పక్కింటి సంపూర్ణమ్మ.

అటువైపు అది మామూలే. వాడని వస్తువు కొన్నాళ్లు ఓపిక పట్టి, అవసరమున్న చోటికి నడిచి వెళ్లిపోతుంది. సంపూర్ణమ్మ ఇంట్లోంచి ఒక్క గరిటె కూడా కదల్లేదు. ఉన్నవే రెండు.

"కొత్త సోఫా, మామ్మగారూ. ఒక్కరు కూడా కూర్చోలేదు."

"అదేరా దాని బాధ."

సోఫా వీధి చివర వీరవేణి ఇంట్లో కనబడింది. ఆవిడ తల్లి తుంటి విరిగి, దాని మీద పడుకుని ఉంది. "రా బాబూ, కూర్చో," అంటూ కాస్త జరగబోయింది. మణిదీప్ ఏమీ అడగలేక, పళ్లు నూరుకుంటూ వచ్చేశాడు.

వారం తిరక్కుండానే ఏసీ మందుల షాపుకి వెళ్లింది. టేబుల్ ట్యూషన్ చెప్పే సూర్యకళ ఇంటికి చేరింది. మణిదీప్ తాడు కొనుక్కొచ్చి కాఫీ మెషిన్‌ని కిటికీ ఊచలకి కట్టేశాడు. అది దూడలా గుంజుకునేది.

భద్రిరాజుగారు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు.

"గదిలో ఏం లేవేంటండీ?"

"ఉండేవండి. వెళ్లిపోయాయి."

"మా ఇంట్లోంచీ వెళ్తుంటాయండి. మళ్లీ కొంటాం. మీరు కొనలేదంటే మీతో వ్యాపారం కష్టమండి." అని లేచారు.

ఆయన కారు మలుపు తిరిగాక మణిదీప్ కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. బయట మొక్కల వేళ్లు కవర్లు చీల్చుకొస్తున్నాయి. మర్నాటికి రాజమండ్రిలో ఒక అపార్ట్‌మెంట్‌కి ఐదు వందల మొక్కలు చేరాలి. చేర్చకపోతే ఆర్డరు పోతుంది. కిరాయి ఆటోకి చేతిలో డబ్బుల్లేవు.

మర్నాడు గేటు ముందు ఒక ట్రాలీ ఆటో నిలబడి ఉంది. చక్రాల నిండా బురద, తొట్టిలో ఎండిన చేప పొలుసులు.

"నీకోసమే అనుకుంటా," అంది సంపూర్ణమ్మ. "నా గుమ్మం దగ్గర ఆగనైనా లేదు."

ఫోన్ మోగింది. భద్రిరాజుగారు.

"మా ట్రాలీ అటొచ్చిందాండీ?"

"వచ్చిందండి. మనిషిని పంపుతారా?"

"రెండేళ్లుగా చెరువుగట్టు మీద పడుందండి. తెచ్చుకున్నా ఇక్కడ ఉండదు. కాగితాలు పంపిస్తాను. బ్రేకులు చూపించుకోండి."

మొక్కలు ఎక్కించేసరికి ఎండెక్కింది. కట్టకపోతే మొదటి గతుక్కే సగం కింద పడతాయి. తాడు కోసం ఇల్లంతా వెతికాడు. ఉన్నది ఒక్కటే.

కాఫీ మెషిన్ గుమ్మం వైపు తిరిగి ఉంది.

"ఇరవై నాలుగు వేలు పెట్టి కొన్నాను నిన్ను," అన్నాడు మణిదీప్ కోపంగా.

అది మెల్లగా గుంజుకుంది.

అతను ఇంకోసారి లెక్క వేసుకున్నాడు. తర్వాత ముడి విప్పడానికి వంగాడు.